ద్రౌపది ప్రశ్న
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

కార్యదర్శిగారు నెల దినముల క్రిందట నన్ను పిలిచి, "భారతముమీద ఏవైన నాలుగు మాటలు చెప్పవలయును" అనిరి. నేను పండితుడను గాను. గురుముఖమున శాస్త్రము నేర్చినవాడను గాను. పగలు అడంగళ్ళు, రాత్రి పద్యములు. ఇదియే నా చదువు. భారతమన్ననో సముద్రము. గట్టుమీద నిలువబడి సముద్రమును గూర్చి ఉపన్యసించుట నావంటివానికి తగదు. కావున ఒక్క అలను మాత్రము పట్టుకొందును. నిన్నటి రాత్రి పాఠశాల ఆవరణములో తెర గట్టి మనకందరకును చూపించిన ద్యూతసభ, ద్రౌపదీ పరాభవ ఘట్టమే ఆ అల. నిన్న చూచినది కన్నులలో ఆరకముందే దానిని గూర్చి మాటలాడుకొనుట మేలని తోచినది.

బి. ఆర్. చోప్రాగారు నిర్మింపగా, వారును వారి కుమారులు రవి చోప్రాగారును దర్శకత్వము వహించిన ఆ మహాభారతము 1988 అక్టోబరు 2వ తేదీ ఆదివారమున దూరదర్శన్‌లో ఆరంభమై, 1990 జూన్ 24వ తేదీతో 94 భాగములుగా ముగిసినది. అంతకుముందే రామానంద సాగరుగారి రామాయణము 1987 జనవరి నుండి 1988 జులై వరకు వచ్చి, ఆదివారపు ఉదయములను దేవునికి ఒప్పగించుట జనులకు అలవాటు చేసినది. ఆ దినములలో ఊరికి ఒకటో రెండో టెలివిజన్ పెట్టెలుండెడివి. పెట్టె యున్న యింటి అరుగు చాలక జనము వీధిలో నిలువబడి కిటికీలోనుండి చూచెడివారు. కొందరు చెప్పులు వెలుపల విడిచి, పెట్టెకు దండము పెట్టి కూర్చుండెడివారు. సంభాషణములన్నియు హిందీ. మా వాడలో హిందీ పరీక్ష యిచ్చినవాడొకడు మొదట రెండు మూడు వారములు అర్థము చెప్పినాడు. పిమ్మట అతనిని ఎవరును అడుగలేదు. కథ తెలియనివారెవరు? ద్రౌపది సభలోనికి ఈడ్వబడునప్పుడు ఏడ్చుటకు భాష అవసరము లేకపోయినది.

మనకు ఈ ఘట్టము క్రొత్తదియును కాదు. తెలుగు చలనచిత్రము మాటలు నేర్చిన తొలినాళ్ళలోనే, 1936లో, ఈ ఒక్క ఘట్టముమీదనే రెండు చిత్రములు పోటీగా వచ్చినవి. ఒకదానిలో యడవల్లి సూర్యనారాయణగారును, మరియొకదానిలో బళ్ళారి రాఘవగారును దుర్యోధన వేషము ధరించిరి. 1965లో వచ్చిన పాండవ వనవాసములో సావిత్రిగారి ద్రౌపదిని, ఎస్. వి. రంగారావుగారి దుర్యోధనుని చూచిన పెద్దలు ఈ సభలో నింకను ఉన్నారు. వారు బొంబాయివారి మహాభారతమును చూచి పెదవి విరిచినను నేను వారితో వాదింపను. పద్యము లేని దుర్యోధనుడు మన చెవికి సగము దుర్యోధనుడే. అయినను ఆ ధారావాహికలో గౌరవింపదగినవి చాలగలవు. అందులో మొదటిది దాని రచన.

ఆ సంభాషణములను వ్రాసినవారు డాక్టరు రాహీ మాసూమ్ రజాగారు. ఉత్తర ప్రదేశములో ఘాజీపూరు జిల్లాలోని గంగౌలీ అను పల్లె వారిది. ఆలీగఢ్ విశ్వవిద్యాలయములో ఉర్దూ బోధించినవారు. తమ పల్లెనే కథగా చేసి 1966లో 'ఆధా గావ్' అను హిందీ నవలను ప్రకటించిరి. 'సగము ఊరు' అని దానికి అర్థము. మహాభారతము వ్రాయుమని చోప్రాగారు అడిగినప్పుడు, సమయము లేదని వారు మొదట ఒప్పుకొనలేదట. ఈలోపల వారి పేరు వార్తలలోనికి ఎక్కినది. హిందూ గ్రంథమును వ్రాయుటకు ముసల్మాను తప్ప మరియెవరును దొరకలేదా యని కొందరు ఉత్తరములు వ్రాసిరి. చోప్రాగారు ఆ ఉత్తరములను రజాగారికి పంపగా, చదువుకొని, ఇక తామే వ్రాసెదమనియు, తామును గంగమ్మ బిడ్డలమేననియు చెప్పిరట. కాదన్నవారు లేకున్నచో ఆయన వ్రాయకయే యుండెడివారేమో! పరిశోధనమునకు, ఆధ్యాత్మిక విషయములకు సలహాదారుగా నున్నవారు పండిత నరేంద్ర శర్మగారు. హిందీ కవులు, ఆకాశవాణి వివిధభారతిని తీర్చిదిద్దినవారు. వారు ఆ ధారావాహిక నడుచుచుండగనే 1989లో స్వర్గస్థులైరి.

కాలపురుషుని చేత కథ చెప్పించుట రజాగారి ఊహయే. తెరమీద ఒక చక్రము తిరుగుచుండును, మనిషి కనబడడు, హరీశ్ భీమానీగారి గొంతు వినబడును. వ్యాసుల భారతమును వైశంపాయనుడు జనమేజయునికి చెప్పును, సూతుడు శౌనకాదులకు చెప్పును. ఆ వక్తలకు బదులు కాలమునే వక్తగా నిలుపుట సాహసమే గాని అపచారము కాదు. కాలము ఎవరి పక్షమును వహింపదు. సభలో కూర్చున్నవారందరు తల వంచుకొన్నప్పుడు తల వంచని సాక్షి యొకడు కావలసియున్నది. ఆ సాక్షి గొంతు మనకు నిన్న వినబడినది.

ఇక నటులు. వేషములు వేసినవారి నిజజీవితములను తలచుకొన్నప్పుడు కొన్ని చిత్రములు తోచును. భీమసేనుడుగా నటించిన ప్రవీణ్ కుమార్‌గారు నటుడై పుట్టినవారు కారు. పళ్ళెము విసరుటలో 1966లోను, 1970లోను ఆసియా క్రీడలయందు బంగారు పతకములు గెలిచిన మల్లులు. భారత ప్రభుత్వము వారికి 1967లో ఇచ్చినది అర్జున పురస్కారము. అర్జునుని పేరిట బహుమానమును పుచ్చుకొన్న భీముడు వ్యాసులకుకూడ తోచియుండడు! శ్రీకృష్ణుడైన నితీశ్ భరద్వాజ్‌గారు పశువైద్యము చదివినవారు. గోవులను కాచినవాని వేషమునకు అంతకంటె తగిన చదువేమున్నది? శకునిగా వేసిన గూఫీ పేంటల్‌గారే నటులను ఎంపిక చేయు పనియు చూచిరి. అందరను సభకు కూర్చి, పాచికలను తాము చేత బట్టిరి. నెరసిన గడ్డముతో భీష్ములైన ముకేశ్ ఖన్నాగారికి అప్పటికి సుమారు 30 ఏండ్లే. వారిలో ప్రవీణ్ కుమార్‌గారు 2022లోను, గూఫీ పేంటల్‌గారు 2023లోను, కర్ణుడైన పంకజ్ ధీర్‌గారు 2025లోను కాలధర్మము నొందిరి.

ద్రౌపదిగా నటించిన రూపా గంగూలీగారు వంగదేశీయురాలు. ఆ ఘట్టముకొరకు సుమారు 250 మీటర్ల చీరను సిద్ధము చేసిరనియు, చిత్రీకరణము ముగిసిన పిదపకూడ ఆమె చాలసేపు దుఃఖము నాపుకొనలేక పోయెననియు ఆ బృందమువారు చెప్పియున్నారు. నేను దానిని నమ్ముదును. ఆమె నటనలో నాకు నచ్చినది ఏడుపు కాదు. జుట్టు పట్టి ఈడ్చి తెచ్చినప్పటికిని, తలయెత్తి ఒక్కొక్కరి యెదుటికి పోయి అడుగుటలో ఆమె చూపిన తీరు. భిక్ష యడుగు గొంతు కాదది. లెక్క యడుగు గొంతు. అదే రూపా గంగూలీగారు 2016లో రాజ్యసభకు నామినేట్ కాబడిరి. సభలో ప్రశ్న అడిగిన వేషధారిణికి సభలోనే ఆసనము దొరకినది.

ఆ ప్రశ్న యేమి? నేను ఇచ్చటికి వచ్చినదే అది చెప్పుటకు.

జూదములో ధర్మరాజు ధనమును, గుఱ్ఱములను, ఏనుగులను, దాసదాసీజనమును ఓడినాడు. పిమ్మట నకులుని, సహదేవుని, అర్జునుని, భీముని వరుసగా ఒడ్డి ఓడినాడు. ఆపై తన్ను తాను ఒడ్డుకొని ఓడినాడు. అప్పుడు శకుని, "నీకింకను ద్రౌపది యున్నది గదా, ఆమెను ఒడ్డి నిన్ను నీవు గెలుచుకొనుము" అని రెచ్చగొట్టెను. ఒడ్డినాడు, ఓడినాడు. దుర్యోధనుడు ఆమెను పిలుచుకొని రమ్మని ప్రాతికామిని పంపెను. అంతఃపురములోని ఆ స్త్రీ ఏమి చేసినది? మూర్ఛపోలేదు. శాపములు పెట్టలేదు. వచ్చిన ప్రాతికామిని వెనుకకు త్రిప్పి పంపి, ఆ జూదగాని నొక్క మాట అడిగి రమ్మన్నది: ముందు తన్ను ఓడినాడా, ముందు నన్ను ఓడినాడా?

అయ్యా, కాగితముల నడుమ బ్రతుకువాడను గనుక చెప్పుచున్నాను. ఇంత చిన్న మాటలో ఇంత పెద్ద వ్యవహారమును నేను మరియెచ్చటను చూడలేదు. తన్ను తాను ఓడినవాడు దాసుడు. దాసునికి స్వంత ఆస్తి లేదు. తనకు లేని హక్కును పరునికి వ్రాసి యిచ్చుట చెల్లునా? పట్టా పోయినవాడు క్రయపత్రము వ్రాసినచో ఏ రిజిస్ట్రారు ముద్ర వేయును? ద్రౌపది అడిగినది కేవలము తిథివార నక్షత్రముల వరుస కాదు; అధికారపు వరుస. అసలు భార్య యొక ఆస్తియేనా యను ప్రశ్న దానికి వెనుక దాగియున్నది. ముందున్న ప్రశ్నకు జవాబు చెప్పినచో వెనుకనున్న ప్రశ్న లేచి నిలువబడును. అందుకే సభ మాటాడలేదు.

ధర్మరాజు స్మృతి తప్పినవానివలె ఊరకుండెను. భీష్ములవారు పలికిరి గాని తేల్చలేదు. తనకు తాను యజమాని కానివాడు పరధనమును ఒడ్డజాలడు; కాని భార్య భర్తకు లోబడినది; ధర్మము సూక్ష్మము; నేను నిర్ణయింపజాలను అని వారి మాటల సారము. ముకేశ్ ఖన్నాగారు నిన్న తల వంచి కూర్చున్నప్పుడు మనలో కొందరు జాలిపడి కన్నీరు పెట్టుకొన్నారు. నాకు జాలి కలుగలేదు. "ధర్మము సూక్ష్మము" అను మాట నిజమే. కాని దానిని ఎప్పుడు పలికినామన్నది చూడవలెను. ఇల్లు కాలుచుండగా అగ్నితత్త్వమును గూర్చి సందేహము వెలిబుచ్చుట విద్వత్తు అనిపించుకొనదు.

లేచి మాటాడినవాడు వికర్ణుడు. దుర్యోధనుని తమ్ముడు, వయస్సున చిన్నవాడు. వేట, పానము, జూదము, స్త్రీవ్యసనము అను నాలుగింటిలో మునిగినవాడు చేసిన పని చేసినట్లు కాదనియు. ఆమె ఐదుగురకును భార్యగాని ఒక్కనికి కాదనియు. ధర్మరాజు ముందే తన్ను తాను ఓడినాడనియు. ఆమెను ఒడ్డుట శకుని ప్రేరణచే జరిగినదనియు చెప్పి, కావున ఆమె ఓడబడలేదని తేల్చినాడు. న్యాయవాదులు కూడ ఇంతకన్న చక్కగా వాదింపలేరు. దానికి కర్ణుడిచ్చిన జవాబు, నీవు చిన్నవాడవు, పెద్దల మాటలు మాటలాడుచున్నావని. వాదమునకు జవాబు లేనప్పుడు వయస్సును ఎత్తిచూపుట అప్పటినుండియు ఉన్నది.

ఇక్కడ కర్ణుని గూర్చి ఒక మాట. మన తెలుగువారికి అతనియందు అభిమానము మెండు. 1977లో రామారావుగారు దానవీరశూరకర్ణ తీసిన నాటినుండి అది రెండింతలైనది. ఆయన దానమునకు, స్నేహమునకు నేనును చేతులెత్తుదును. కాని ద్రౌపది బట్టలు తీయుమని దుశ్శాసనునకు చెప్పినవాడు మూలములో కర్ణుడే. మన అభిమానము ఆ పంక్తిని చెరపరాదు. కర్ణుడే దానిని చెరుపుకొనలేదు. ఉద్యోగపర్వములో శ్రీకృష్ణునితో మాటలాడుచు, దుర్యోధనుని సంతోషపెట్టుటకై పాండవులను అన్న కటువు మాటలకు ఇప్పుడు తపించుచున్నానని అతడే ఒప్పుకొన్నాడు.

మరల సభకు వత్తము. సభ మౌనము వహించియుండగా విదురుడొక కథ చెప్పినాడు. దీనిని మీరందరు గ్రంథములోనే చదువవలెనని నా కోరిక. ప్రహ్లాదుని కుమారుడు విరోచనుడును, అంగిరసుని కుమారుడు సుధన్వుడును ఒక కన్యనిమిత్తము, ఇద్దరిలో ఎవరు అధికులని పంతము పట్టి, ప్రాణములు పణముగా ఒడ్డి, తీర్పుకొరకు ప్రహ్లాదునివద్దకే పోయిరి. ఒకవైపు స్వంత కొడుకు ప్రాణము. ప్రహ్లాదుడు కశ్యపుని అడిగినాడు: ప్రశ్నకు జవాబు తెలిసియు చెప్పనివానికి ఏమగును? కశ్యపుడు చెప్పిన లెక్క వినుడు. నిందింపదగిన పని జరుగుచుండగా సభ నిందింపకున్నచో, ఆ పాపములో సగము సభకు పెద్దయైనవానికి. పావు భాగము చేసినవానికి. మిగిలిన పావు నిందింపక కూర్చున్న సభ్యులకు. నిందించినచో పెద్దయు, సభ్యులును విముక్తులగుదురు, పాపమంతయు చేసినవానికే చేరును. ప్రహ్లాదుడు విని, కొడుకునకు వ్యతిరేకముగా తీర్పు చెప్పినాడు. ధృతరాష్ట్రుడు వినుచునే యున్నాడు.

ఎన్నో పంపకపు లెక్కలు వ్రాసినాను. ఇటువంటి పంపకమును చూడలేదు. చీర లాగిన దుశ్శాసనుని వంతు పావలా. సింహాసనముపై కూర్చున్నవాని వంతు అర్ధరూపాయి. చేతులు కట్టుకొని ఊరక కూర్చున్నవారికి మరియొక పావలా. అనగా, ఊరకుండిన వారందరును కలిసి దుశ్శాసనునితో సమానులు. మనము దుశ్శాసనుని తిట్టి యింటికి పోవుదుము. కశ్యపుని పద్దులో అతని పేరు ఎదుట వ్రాసినది అందులో నాలుగవ వంతు మాత్రమే.

ఇది పురాణకాలపు మాటయని అనుకొనువారు ఉండవచ్చును. కొంతకాలము క్రిందట ఒక యూరిలో – ఊరి పేరుతో మనకు పని లేదు – సంక్రాంతి కోడిపందెములలో ఒకడు చేతిలోనిది పోగొట్టుకొని, ఆ ఊరి మోతుబరియొద్ద అప్పు చేసి, అదియు పోగొట్టుకొని, భార్య పేర నున్న ఎకరమున్నర పల్లమును తాకట్టు కాగితముమీద వ్రాసి సంతకము పెట్టినాడు. ఆ భూమి ఆమెకు పుట్టినింటివారు పసుపుకుంకుమల క్రింద ఇచ్చినది. రచ్చబండ దగ్గర పెద్దలు కూడిరి. అడంగలు తెమ్మని నాకు కబురు వచ్చినది. ఆమె చంటిపిల్లను చంకన వేసికొని వచ్చి, అరుగు క్రింద నిలువబడి అడిగినది: "అయ్యా, నన్ను అడక్కుండా నా పొలం మీద ఆయన సంతకం పెడితే అది సంతకమేనా? ముందు ఆ సంగతి చెప్పండి." ఆమె భారతము చదువలేదు, వ్రాలు చేయుట మాత్రము వచ్చును. అరుగుమీద ఎనిమిదిమంది కూర్చుండిరి. ఒకరు చుట్ట వెలిగించుకొనిరి. ఒకరు మబ్బువైపు చూచిరి. అప్పుడు మోతుబరి తమ్ముని కొడుకే, కళాశాలలో చదువుకొనుచున్నవాడు, లేచి, "పెదనాన్నా, ఆమె సంతకం లేని కాగితం చెల్లదు. మనం అడగకూడదు" అన్నాడు. "చిన్నవాడివి, కూర్చో" అని నలుగురు ఒక్కసారిగా అన్నారు. నేను అడంగలు తెరచి, ఆ సర్వే నంబరు, దానికెదుట ఆమె పేరు పైకి చదివినాను. "సరే, రేపు చూద్దాం" అని లేచిపోయిరి. ఆ రేపు రాలేదు. ఆమె యిప్పటికిని ఆ పొలములో నాట్లు వేయుచున్నది. కాగితము మాత్రము మోతుబరి పెట్టెలోనే యున్నదట.

చట్టము ఆమె పక్షమున నున్నది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము పదునాలుగవ సెక్షను స్త్రీకి చెందిన ఆస్తి సంపూర్ణముగా ఆమెదేయని చెప్పినది. భరణమునకై ఇచ్చిన ఆస్తికూడ, కాగితములో ఎన్ని షరతులు వ్రాసినను, ఆమెదేయని సుప్రీముకోర్టు 1977లో తులసమ్మ, శేషారెడ్డి వ్యాజ్యములో తీర్మానించినది. అది మన ఆంధ్రదేశమునుండి పోయిన వ్యాజ్యమే. కుమార్తెలకు పిత్రార్జిత కుటుంబాస్తిలో కొడుకులతోపాటు హక్కు నిచ్చిన సవరణయు మన రాష్ట్రమున 1985లోనే వచ్చినది. దేశమంతటికి వచ్చుటకు మరి 20 ఏండ్లు పట్టినది. భీష్ములకు సూక్ష్మముగా తోచినది ఇప్పుడు అచ్చుపుస్తకములో స్థూలముగానే యున్నది. అయినను రచ్చబండయొద్ద ఎవరో యొకరు దానిని పైకి చదువవలసియే యున్నది.

ఇక చీరలు. నిన్న తెరమీద ద్రౌపది రెండు చేతులు పైకెత్తగానే కృష్ణుని చేతినుండి వస్త్రము ప్రవాహమువలె దిగివచ్చుచుండగా, వెనుక వరుసలో కూర్చున్న అమ్మలు "గోవిందా" అన్నారు. నా కన్నులుకూడ తడిసినవి. భక్తులకు ఆ దృశ్యము ప్రాణము. దానిని నేను తగ్గించి చెప్పను. కాని తెలిసికొనవలసినది ఒకటి యున్నది. పుణెలోని భండార్కర్ సంస్థవారు దేశమందలి తాళపత్రప్రతులను సరిపోల్చి, 1919 మొదలుకొని 1966 వరకు భారతము సంశోధిత ప్రతిని సిద్ధము చేసిరి. ఆ ప్రతిలో ద్రౌపది కృష్ణుని ప్రార్థించు శ్లోకములు మూలపాఠములో లేవు. అడుగున పాఠాంతరములలో నున్నవి. లాగిన కొలది వస్త్రములు వచ్చినవనియే మూలము. ఎవరిచ్చిరో అక్కడ చెప్పబడలేదు.

ఇది విని భక్తులు నొచ్చుకొనవలదు. అదే సంశోధిత ప్రతిలో, ఉద్యోగపర్వమున, శ్రీకృష్ణుడు సంజయునితో చెప్పిన మాట నిలిచియున్నది. దూరమున నున్న నన్ను ద్రౌపది గోవిందాయని పిలిచినది. ఆ ఋణము పెరిగి పెరిగి నా హృదయమునుండి తొలగుట లేదు అని దాని భావము. అరణ్యపర్వములోను, తాను సాల్వునితో యుద్ధమునకు పోయి ద్వారకలో లేకపోతిననియు, ఉన్నచో వచ్చి ఆ జూదమునే ఆపియుందుననియు ఆయనయే చెప్పినాడు. మనము చీరలిచ్చినాడని ఆయన జమ వ్రాయుచున్నాము. ఆయన తన ఖాతాలో దానిని అప్పుగా వ్రాసికొన్నాడు, వడ్డీతో సహా. సహాయము చేసిన దేవునికంటె, చేరలేకపోతినని బాకీ మోయుచున్న దేవుడు నాకు మరింత దగ్గరగా తోచును. పండితులు దీనిని అంగీకరింతురో లేదో యెరుగను.

రజాగారును, శర్మగారును కృష్ణుని తెరమీదికి తెచ్చుట తప్పు కాదు. దేశమంతయు పాడుకొను కథ అది. కాని ఆ వస్త్రప్రవాహము ఎంత అందముగా నున్నదనగా, దానికి ముందు పావుగంట సేపు ఆమె అడిగిన ప్రశ్నను మనము మరచిపోవుదుము. నిన్న ఇంటికి పోవుచు త్రోవలో విన్న మాటలన్నియు చీరను గూర్చియే. ప్రశ్నను గూర్చి ఒక్కరును మాటలాడలేదు. అందుకే ఈ దినమున నేను చీరను వెనుకకు నెట్టి, ప్రశ్నను ముందుకు తెచ్చినాను.

ఆ ప్రశ్నకు సభ చివరివరకును జవాబు చెప్పలేదు. నక్కలు కూసినవి, గాడిదలు ఓండ్రపెట్టినవి. అపశకునములు చూచి, గాంధారియు విదురుడును హెచ్చరింపగా ధృతరాష్ట్రుడు భయపడి వరములిచ్చుటకు దిగినాడు. తెరమీద గాంధారి స్వయముగా సభలోనికి వచ్చి ద్రౌపది శాపము నాపినది. ఆ మార్పు నాకు నచ్చినది. ద్రౌపది మొదటి వరముగా ధర్మరాజు దాస్యవిముక్తిని కోరినది. రెండవదిగా తక్కిన నలుగురును, వారి రథములతోను ధనుస్సులతోను విడువబడవలెనని కోరినది. మూడవది కోరుకొమ్మన్నాడు. అక్కరలేదన్నది. క్షత్రియ స్త్రీకి రెండు వరములే విహితమనియు, లోభము ధర్మమును నశింపజేయుననియు, నా భర్తలు విడుదలయైరి గనుక శ్రేయస్సును తామే సంపాదించుకొందురనియు చెప్పినది. తనకొరకు ఏమియు కోరలేదు. అయిదుగురు వీరులను దాస్యపు సముద్రమునుండి దాటించిన ఓడ ఈమెయేయని కర్ణుడే అప్పుడు మెచ్చుకొన్నాడు. కోరియుండవలసినది మూడవది ఒకటున్నదని నాకెప్పుడును తోచుచుండును: నా ప్రశ్నకు జవాబు చెప్పుడని. కాని ఆ ముసలిరాజు రాజ్యమునైన ఇచ్చునుగాని, ఆ జవాబు ఇచ్చునా? ఆమెకు అది తెలియును.

మన గ్రంథాలయములో తిరుమల తిరుపతి దేవస్థానమువారు వ్యాఖ్యానముతో ప్రకటించిన ఆంధ్ర మహాభారతమున్నది. నన్నయభట్టారకుల సభాపర్వమునకు అందులో ప్రతిపదార్థ తాత్పర్యములు గలవు. భీముని ప్రతిజ్ఞా పద్యములను నాటకములలో విని కంఠస్థము చేసినవారు ఈ సభలోనే పదిమంది యుందురు. వాటికి ముందు వెనుకల నున్న పద్యములను చదివినవారు తక్కువ. సభాపర్వపు సంపుటమును ఎరువు తీసికొన్నవారి పట్టీని నిన్న కార్యదర్శిగారి అనుమతితో చూచితిని. ఈ యిరువదియైదేండ్లలో పదునొకండు పేర్లున్నవి. వానిలో రెండు నావే. స్త్రీల పేర్లు మూడు.

కార్యవర్గమువారు అంగీకరించినారు గనుక చెప్పుచున్నాను. వచ్చు నెల మొదటి ఆదివారము సాయంకాలము ఆరు గంటలకు, ఈ వరండాలోనే, సభాపర్వము చదువుట ఆరంభింతును. వారమునకొక గంట. ద్యూతఘట్టము చేరుసరికి వరినాట్లు ముగియవచ్చును. సంపుటము ఒక్కటే యున్నది. నేను చదువుదును, మీరు విని అడ్డుతగిలి ప్రశ్నలడుగవచ్చును. పొలమునుండి నేరుగా వచ్చువారికొరకు అరుగు చివర కుండలో మంచినీళ్ళుండును.